పగ, కసి, కక్ష, బాకీ: ప్రతీకార క్రైమ్ కామిక్స్‌లో మీకు ఏది సరిపోతుంది?

రైల్లో ఒక అమ్మాయి కూర్చుని ఉంటుంది. అప్పుడే జైలు నుంచి బయటికి వచ్చింది. ఆమె లోపల ఉండగా బయట ఆమె భర్తనూ పసిబిడ్డనూ కాల్చి చంపారు. సూటు వేసుకున్న ఒక పెద్దాయన వచ్చి మాట కలుపుతాడు. ఒక బ్రీఫ్‌కేస్ చేతికి ఇస్తాడు. అందులో ఒక తుపాకీ, వంద తూటాలు, చంపింది ఎవరో తేల్చి చెప్పే సాక్ష్యాలు ఉంటాయి. ఆ తూటాలు ఎక్కడ దొరికినా పోలీసుల దర్యాప్తు అక్కడితో ఆగిపోతుంది. వాడతావో మానుతావో నీ ఇష్టం అని ఆయన వెళ్ళిపోతాడు.

బ్రయాన్ అజరెల్లో రాసి, ఎడ్వార్డో రిస్సో బొమ్మలు వేసిన ‘100 బుల్లెట్స్’ ఇలా మొదలవుతుంది. మొదటిసారి చదివినప్పుడు ఇక్కడే చాలాసేపు ఆగిపోయాను. నన్ను నమ్మించి మోసం చేసిన ఒక మనిషి ముఖం గుర్తొచ్చింది. ఎప్పుడో జరిగిపోయిన సంగతి, మర్చిపోయాననే అనుకున్నాను. ఆ పెట్టె నా ఒళ్ళో పెట్టినట్టే అనిపించింది. ఈ రకం కామిక్స్ మనల్ని పట్టుకునేది సరిగ్గా ఈ చోటే. లెక్క తేలకుండా మిగిలిపోయిన సంగతి ఏదో ఒకటి ప్రతివాళ్ళకీ ఉంటుంది.

ప్రతీకార కథలు చదవాలని ఉంది, ఏది ముందు మొదలుపెట్టాలి అని చాలామంది అడుగుతుంటారు. నేను వెంటనే పేరు చెప్పను. మీకు కావలసింది కసా, పగా, కక్షా, బాకీయా అని తిరిగి అడుగుతాను. అన్నీ ఒకటే కదా అంటారు. మాట్లాడేటప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. కసి తీర్చుకుంటాం. పగ సాధిస్తాం. కక్ష కడతాం. బాకీ వసూలు చేస్తాం. క్రియలు ఒక్కోసారి కలిసినా, ఒకదాని బరువు ఇంకోదానికి ఉండదు. పుస్తకాలు కూడా అంతే. వీటిలో ఏదో ఒకటి మీకు కావలసి ఉండగా ఇంకోటి చేతికొస్తే, ఎంత గొప్ప పుస్తకమైనా సగంలో పక్కన పెట్టేస్తారు.

పేజీ తిప్పేది మనమే

నవలలున్నాయి, సినిమాలున్నాయి. మరి ఈ కథలు కామిక్స్‌లోనే ఎందుకు చదవాలి? నా వరకు కారణం ఒక్కటే, పేజీ తిప్పేది నేను. సినిమాలో తుపాకీ ఎప్పుడు పేలాలో దర్శకుడు నిర్ణయిస్తాడు. కామిక్‌లో కుడి పేజీ చివరి గడిలో, అంటే చివరి బొమ్మ చట్రంలో, హీరో తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేస్తాడు. లోపల శత్రువు ఉన్నాడని మనకు తెలుసు. తలుపు తెరుచుకోవాలంటే కాగితం తిప్పాలి. అంతా అయ్యాక ‘నేనేం చేశాను, ఊరికే చూస్తున్నాను’ అనడానికి వీలుండదు.

రెండో సంగతి, గడికీ గడికీ మధ్య ఉండే తెల్లటి ఖాళీ. ఒక గడిలో పైకి లేచిన సుత్తి ఉంటుంది. తర్వాతి గడిలో నేల మీద పగిలిన కళ్ళజోడు ఉంటుంది. దెబ్బ ఎక్కడ పడింది? బొమ్మలో ఎక్కడా లేదు. ఎంత గట్టిగా కొట్టాలో, ఎన్నిసార్లు కొట్టాలో ఆ ఖాళీలో మన బుర్ర నిర్ణయించుకుంటుంది. మంచి చిత్రకారుడికి ఈ రహస్యం తెలుసు. అందుకే రక్తం ఎక్కువ చూపించే పుస్తకాలే ఎక్కువ భయపెడతాయని అనుకోకండి. చాలాసార్లు దానికి తలకిందులుగా ఉంటుంది.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, ఎందుకంటే ఈ కథల రూపం దానివల్లే ఇలా మారింది. 1950ల మొదట్లో అమెరికాలో ఈసీ అనే సంస్థ ‘క్రైమ్ సస్పెన్‌స్టోరీస్’ వంటి పత్రికలు వేసేది. కొద్ది పేజీల కథలు. మొదట్లో ఒకడు పాపం చేస్తాడు, ఆఖరి గడిలో అది తిరిగొచ్చి వాడి మెడకే చుట్టుకుంటుంది. ఈ కామిక్స్ పిల్లల్ని పాడుచేస్తున్నాయన్న గొడవ పెద్దదై 1954లో సెనేట్ ఉపసంఘం విచారణ దాకా వెళ్ళింది. తెగిన స్త్రీ తలను చేత్తో పట్టుకున్న అట్టబొమ్మ గురించి ప్రచురణకర్త విలియం గెయిన్స్ అక్కడ సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. అదే ఏడాది ప్రచురణ సంస్థలు కలిసి కామిక్స్ కోడ్ అనే నియమావళి పెట్టుకున్నాయి. నేరగాడికి శిక్ష పడి తీరాలి. పోలీసుల మీద, జడ్జీల మీద గౌరవం తగ్గేలా చూపకూడదు. ఆఖరికి అట్ట మీద ‘క్రైమ్’ అన్న మాట పక్క మాటల కంటే పెద్ద అక్షరాల్లో కూడా ఉండకూడదు.

ఈ నియమాల కింద ప్రతీకార కథకు ఊపిరాడదు. చట్టం తన పని తాను చేసే చోట మనిషికి తన చేత్తో లెక్క తేల్చుకునే అవసరమే రాదు. 1971లో కోడ్‌ను సడలించారు. 1974లో పనిషర్ అనే పాత్ర వచ్చింది. తర్వాత కోడ్‌తో పనిలేకుండా, పెద్దవాళ్ళ కోసమే వేసే ప్రచురణలు పెరిగాయి. నేను కింద చెప్పే అమెరికన్ పుస్తకాలన్నీ 1980ల చివర్లోనో ఆ తర్వాతో వచ్చినవే, పనిషర్ కూడా నేను చెప్పేది కొత్తదే.

కసి తీరాలంటే సిన్ సిటీ, బాకీ వసూలవ్వాలంటే ది హంటర్

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువగా ఈ రెండింటి మధ్యే ఊగిసలాడతారు. రెండూ ఒక్క కూర్చోవడంలో అయిపోతాయి. రెండింట్లోనూ ఒక మొండి మనిషి ఊరంతా తిరిగి వరసపెట్టి అందరినీ పట్టుకుంటాడు. పైకి ఇద్దరూ అన్నదమ్ముల్లా కనిపిస్తారు. లోపల పూర్తిగా వేరు.

ఫ్రాంక్ మిల్లర్ ‘సిన్ సిటీ’ మొదటి కథ ‘ది హార్డ్ గుడ్‌బై’ 1991, 92లలో ధారావాహికగా వచ్చింది. మార్వ్ అనేవాడు భారీ మనిషి, చూడ్డానికి భయంకరంగా ఉంటాడు. ఒక రాత్రి గోల్డీ అనే అమ్మాయి అతన్ని ఆప్యాయంగా దగ్గరికి తీసుకుంటుంది. తెల్లారేసరికి పక్కలో శవమై ఉంటుంది. అతనికి ఆమె గురించి పేరు తప్ప ఏమీ తెలియదు. అయినా తనను మనిషిలా చూసిన ఒక్క రాత్రి కోసం ఊరు తగలబెట్టడానికి సిద్ధపడతాడు. మిల్లర్ ఇక్కడ బూడిద రంగు కూడా వాడడు. నలుపు, తెలుపు, అంతే. వానలో మార్వ్ నడిచే పేజీలు చూడండి. చినుకులు తెల్లటి గీతలై మనిషిని నిలువునా కోస్తున్నట్టుంటాయి. కొన్నిచోట్ల అతని ఒంట్లో వెలుగు పడిన భాగమే కనిపిస్తుంది, మిగతాదంతా చీకట్లో కలిసిపోతుంది. మధ్యలో ఏ రంగూ ఒప్పుకోని బొమ్మ, మధ్యలో ఏ ఆలోచనా ఒప్పుకోని మనిషి. అంతగా కుదిరిన జోడీ నేను మళ్ళీ చూడలేదు.

డార్విన్ కుక్ చేసిన ‘ది హంటర్’ 2009లో వచ్చింది. డోనల్డ్ వెస్ట్‌లేక్ రిచర్డ్ స్టార్క్ అన్న కలంపేరుతో 1962లో రాసిన నవలకు ఇది కామిక్ రూపం. పార్కర్ వృత్తి దోపిడీ. భాగస్వామీ భార్యా కలిసి అతన్ని మోసం చేసి, చచ్చాడనుకుని వదిలేసి పోతారు. అతను చావడు. మొదటి పేజీల్లో న్యూయార్క్‌లో జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి మీద నడిచి వస్తుంటాడు. కుక్ మనకు ముఖం వెంటనే చూపించడు. బూట్లు, భుజాలు, వీపు, చేతులు, అతన్ని చూసి తప్పుకునే మనుషుల చూపులు మాత్రం చూపిస్తాడు. మాటలు దాదాపు లేవు. ఆ నడక చూస్తుంటేనే ఈ మనిషికి అడ్డం రాకూడదని మనకు అర్థమైపోతుంది. నలుపు మీద ఒక్క నీలి ఛాయ, అంతకు మించి రంగు లేదు.

పార్కర్‌కు కోపం ఉంది, కానీ అతను కోరేది మాత్రం తన వాటా, 45,000 డాలర్లు. పెద్ద నేరసంస్థ ఎదురొచ్చినా అదే అంకె. ఒక డాలరు ఎక్కువ అడగడు, తక్కువ ఒప్పుకోడు. ఆ మొండి లెక్క చదువుతుంటే ఒక చల్లటి తృప్తి కలుగుతుంది. ఏడుపు లేదు, ఉపన్యాసం లేదు.

మరి ఏది తీసుకోవాలి? మీరు ఇప్పుడు నిజంగా మండిపోతూ ఉంటే, గట్టిగా అరవాలనిపిస్తుంటే మార్వ్ దగ్గరికి వెళ్ళండి. ఆ పుస్తకం మీ బదులు అరుస్తుంది. కోపం చల్లబడి, గట్టిపడి, పనిలోకి దిగాలనిపించే దశలో ఉంటే పార్కర్. నాకు మాత్రం రెండింట్లో ‘ది హంటర్’ ఎక్కువ ఇష్టం. సిన్ సిటీలో హింస కొన్నిచోట్ల నన్ను కథ బయటికి నెట్టేస్తుంది. ఆడవాళ్ళను చూపించే తీరు కూడా చాలామందికి నచ్చదు, వాళ్ళ అభ్యంతరం న్యాయమైనదే. అయితే పార్కర్ కూడా ఆడవాళ్ళ పట్ల క్రూరుడే. మంచివాడు కావాలనుకుంటే ఈ రెండు పుస్తకాల్లో ఎవరూ దొరకరు.

పగ సాధించాలంటే పిల్లవాడి చెయ్యి పట్టుకుని నడవాలి

పగ వేరే రకం. దానికి ఏళ్ళు పడతాయి. కజువో కొయికె రాసి, గొసెకి కొజిమ బొమ్మలు వేసిన మాంగా (జపాన్ కామిక్) ‘లోన్ వుల్ఫ్ అండ్ కబ్’ 1970 నుంచి 1976 దాకా సాగింది, మొత్తం 28 సంపుటాలు. ఒగామి ఇట్టో, జపాన్‌ను ఏలే సైనిక పాలకుడు షోగున్ కొలువులో శిరచ్ఛేదం చేసే అధికారి. యాగ్యూ వంశం కుట్ర పన్ని అతని ఇంటిని నాశనం చేస్తుంది. అతను చంటిబిడ్డ దైగోరోను తోపుడుబండిలో పెట్టుకుని, 500 ర్యో (అప్పటి బంగారు నాణేలు) తీసుకుని హత్యలు చేస్తూ దేశం తిరుగుతాడు. కాలం పాతది, కత్తులు, కిమోనోలు. అయినా కిరాయి హత్య, ప్రభుత్వంలో కుట్ర, గూఢచారులు, ముఠాలు అన్నీ ఉన్నాయి, క్రైమ్ కథ కాదనడానికి నాకు కారణం కనపడదు.

దీన్నుంచి పుట్టిందే ‘రోడ్ టు పెర్డిషన్’. 1998లో మ్యాక్స్ అలన్ కాలిన్స్ రాశాడు, రిచర్డ్ పియర్స్ రేనర్ సన్నటి పెన్ను గీతలతో వేశాడు. లోన్ వుల్ఫ్‌కు తాను పడిన రుణాన్ని కాలిన్స్ దాచుకోలేదు. 1930ల అమెరికాలో ముఠా కోసం చంపే మైకేల్ ఓ'సలివన్, అతని కొడుకు. తండ్రి చేసే పని ఏమిటో కొడుకు పొరపాటున చూస్తాడు. దాంతో తల్లీ, తమ్ముడూ హత్యకు గురవుతారు. తండ్రీకొడుకులు కారెక్కి బయల్దేరతారు.

రెండింట్లోనూ నన్ను కలవరపెట్టేది శత్రువు కాదు, పిల్లవాడు. పగ తీర్చుకునేవాడి చేతిని ఒక పిల్లవాడు పట్టుకుని ఉంటే ప్రతి హత్యకూ సాక్షి ఉన్నట్టే. తండ్రి శత్రువును పడగొట్టిన ప్రతిసారీ మన కళ్ళు పిల్లవాడి ముఖం వైపు పోతాయి. దైగోరో మరీ చిన్నవాడు, చావును అందరు పిల్లలు వానను చూసినట్టు చూస్తాడు. ఆ కళ్ళు గీయడంలో కొజిమ పనితనం మాటల్లో చెప్పలేను. ‘పెర్డిషన్’లో కొడుక్కి ఊహ తెలుసు. పెద్దయ్యాక అతనే కథ చెబుతాడు కాబట్టి మొత్తం కథ మీద ఒక బరువు ఉంటుంది, నాన్నను ప్రేమించాలా, నాన్న చేసినదాన్ని అసహ్యించుకోవాలా అని.

టైమ్ తక్కువుంటే ‘పెర్డిషన్’, ఒకే పుస్తకం, ఒక రాత్రి చాలు. టామ్ హ్యాంక్స్ నటించిన 2002 సినిమా చూసేశామని మానుకోకండి, పుస్తకంలో కాల్పులు ఎక్కువ, తండ్రి మరింత కఠినుడు. ఓపికుంటే మాత్రం లోన్ వుల్ఫ్‌కు సాటి వచ్చేది ఈ జాబితాలో లేదు. 28 సంపుటాలూ ఒకేసారి కొనకండి. చాలా కథలు దేనికది ముగుస్తాయి కాబట్టి రెండు మూడు చదివితే మీకు పట్టుబడుతుందో లేదో తెలిసిపోతుంది. 2000లో మొదలైన డార్క్ హార్స్ ఇంగ్లిష్ సంపుటాల్లో పేజీలు ఎడమ నుంచి కుడికే ఉంటాయి, మాంగా కొత్తవాళ్ళకు తికమక ఉండదు. కాకపోతే పుస్తకం అరచేతిలో పట్టేంత చిన్నది. కళ్ళు బలహీనంగా ఉన్నవాళ్ళకు కొన్ని సంపుటాలు కలిపి వేసిన పెద్ద సైజు ఓమ్నిబస్ మేలు.

కొయికె రాసిందే ఇంకోటి ఉంది, ‘లేడీ స్నోబ్లడ్’, బొమ్మలు కజువో కమిమురవి. జైల్లో ఉన్న ఒక తల్లి, తన పగ తీర్చడానికే ఒక బిడ్డను కంటుంది. ఆ బిడ్డ పేరు యుకి. తనకు జరగని అన్యాయానికి ప్రతీకారం తీర్చడమే ఆమె పుట్టుక. ఆలోచన అద్భుతం. కాకపోతే మగవాళ్ళ పత్రికలో వచ్చిన కథ కాబట్టి నగ్నత్వం దండిగా ఉంటుంది, ఆ సంగతి తెలిసి తెరవండి.

మీ చేతిలో పెట్టె పెట్టి వెళ్ళిపోయే కథలు

ఇప్పుడు మళ్ళీ ఆ రైలు దగ్గరికి. నాకు అన్నింటికంటే దగ్గరైనవి ఈ రకమే కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను.

‘100 బుల్లెట్స్’ 1999 నుంచి 2009 దాకా సరిగ్గా వంద సంచికలు వచ్చింది, 13 సంపుటాలుగా దొరుకుతుంది. రైల్లో కనిపించిన ఆ పెద్దాయన, ఏజెంట్ గ్రేవ్స్, అదే పెట్టెను ఒక్కొక్కరికి ఇస్తూ పోతాడు. ఒకరు వాడతారు. ఒకరు వాడలేక నలిగిపోతారు. ఒకరికి సాక్ష్యం చూశాక తన జీవితమే వేరుగా కనిపిస్తుంది. ఇక్కడ రచయిత చాలా తెలివైన పని చేశాడు. ప్రతీకార కథల్లో హీరోకు ఎప్పుడూ రెండు అడ్డంకులు ఉంటాయి: దోషి ఎవరో తెలియకపోవడం, తర్వాత పట్టుబడతామన్న భయం. ఆ రెండింటినీ తీసేశాడు. సాకులన్నీ పోయాక మిగిలేది మనిషి ఒక్కడే. చంపాలని ఉందా లేదా?

ఈ ప్రశ్నను రిస్సో బొమ్మ ఇంకా పదును చేస్తుంది. ఇద్దరు ముఖ్యమైన విషయం మాట్లాడుకుంటుంటే ముందు వరసలో ఎవరో సంబంధంలేనివాళ్ళు కాఫీ తాగుతుంటారు, పిల్లలు ఆడుకుంటుంటారు, కుక్క ఏదో కొరుకుతుంటుంది. ఒకడి ప్రపంచం కూలిపోతుంటే పక్కనే వీధి మామూలుగా నడుస్తుంటుంది. దుఃఖంలో ఉన్నవాళ్ళు ఎరిగిన నిజం అది. పుస్తకం రెండోసారి చదివినప్పుడు నేను ఆ పక్క మనుషుల్నే చూశాను.

ఒక హెచ్చరిక. కథ ముందుకు పోయేకొద్దీ ఆ పెట్టె వెనక ఉన్న పెద్ద కుట్ర ముందుకొస్తుంది. పదమూడు కుటుంబాలు, రహస్య ఒప్పందం, బోలెడన్ని పేర్లు. కుట్రలు విప్పుకోవడం ఇష్టమైతే పండగే. విడివిడి మనుషుల కథలే కావాలంటే మొదటి రెండు మూడు సంపుటాలు చదివి ఆగినా నష్టం లేదు.

ఎడ్ బ్రూబేకర్, షాన్ ఫిలిప్స్ జోడీ చేసిన ‘క్రిమినల్’ వరసలో రెండో కథ ‘లాలెస్’ దీనికి ఎదురుగా పెట్టి చూడాల్సింది. ట్రేసీ లాలెస్ సైనికుడు. తమ్ముడు హత్యకు గురయ్యాడని అతనికి తెలిసేసరికే నెలలు గడిచిపోయి ఉంటాయి. సైన్యం నుంచి చెప్పకుండా వచ్చేస్తాడు. చంపిందెవరో తెలుసుకోవడానికి దొంగపేరుతో తమ్ముడి దొంగల ముఠాలోనే చేరతాడు. గ్రేవ్స్ పెట్టెలో సాక్ష్యం రెడీగా ఉంటుంది, ఇక్కడ ట్రేసీ ఒక్కొక్క ముక్క ఏరుకోవాలి. ఏరుకుంటుంటే తెలిసేది హంతకుడి గురించి తక్కువ, తమ్ముడి గురించి ఎక్కువ. తను ఇల్లు వదిలి వెళ్ళాక వాడు ఎలాంటివాడయ్యాడు, ఎవరిని బాధపెట్టాడు, ఎవరు వాడిని ప్రేమించారు. బతికుండగా పట్టించుకోని తమ్ముడిని చచ్చాక వెతుక్కుంటున్నాడన్నమాట. ప్రతీకారం చాలాసార్లు ఆలస్యంగా వచ్చిన ప్రేమ అని నాకు అర్థమైంది ఈ పుస్తకంతోనే. అయిదు సంచికల కథ, మొదటి కథ చదవకపోయినా అర్థమవుతుంది. ఫిలిప్స్ గడులు వరసగా, నిటారుగా, ఏ ఆర్భాటమూ లేకుండా ఉంటాయి. కామిక్స్ అలవాటు లేని నవలా పాఠకులకు నేను ముందుగా ఇచ్చేది ఇదే.

కక్ష: తెలియని శత్రువు

గారోన్ త్సుచియ రచన, నొబువాకి మినెగిషి బొమ్మలతో 1996 నుంచి 1998 దాకా వచ్చిన ‘ఓల్డ్ బాయ్’ ఎనిమిది సంపుటాల మాంగా. ఒకడిని పదేళ్ళు ఒక ప్రైవేటు చెరలో బంధించి, కారణం చెప్పకుండా వదిలేస్తారు. ఎవరు చేశారు, ఎందుకు చేశారు? ఇక్కడ కక్ష కట్టింది రెండో మనిషి, అతన్ని బంధించినవాడు. మనం అనుసరించేవాడు పగబట్టినవాడే, కానీ అంతకంటే లోతైన పగకు గురి అయినవాడు కూడా.

అశ్వత్థామ కథ తెలిసినవాళ్ళకు ఈ తిరకాసు అర్థమవుతుంది. తండ్రిని మోసంతో చంపారన్న అతని బాధలో అబద్ధం లేదు. అయినా రాత్రివేళ నిద్రపోతున్న ఉపపాండవుల మీద కత్తి దూసేసరికి ఆ బాధ మన చేతుల్లోంచి జారిపోతుంది. బాధ నిజమైనంత మాత్రాన చేసే పని న్యాయం కాదు. ‘ఓల్డ్ బాయ్’ ఆ దూరాన్ని ఎనిమిది సంపుటాల్లో నిదానంగా కొలుస్తుంది. 2003 కొరియన్ సినిమా చూసినవాళ్ళు కూడా నిశ్చింతగా చదవచ్చు, కక్షకు మూలమూ ముగింపూ రెండింట్లో వేరు. సినిమాలోని సుత్తి ఫైట్ లాంటివి ఇందులో వెతక్కండి. ఇక్కడ టెన్షన్ అంతా ఎదురుచూపుల్లో ఉంటుంది. సినిమా అంత తీవ్రత కావాలనుకునేవాళ్ళకు చప్పగా అనిపించవచ్చు.

తీరాక ఏమిటి?

పనిషర్ గురించి అందరూ అడుగుతారు. భార్యాపిల్లలు ముఠాల కాల్పుల్లో చనిపోయాక ఫ్రాంక్ కాసిల్ నేరగాళ్ళందరి మీదా యుద్ధం ప్రకటిస్తాడు. స్పైడర్‌మ్యాన్ పత్రికలో ప్రతినాయకుడిగా అడుగుపెట్టిన పాత్ర ఇది. వందల కథలున్నాయి, చాలావాటిని నిశ్చింతగా వదిలేయొచ్చు. 2004 నుంచి 2008 దాకా గార్త్ ఎన్నిస్ రాసిన ‘పనిషర్ మ్యాక్స్’ 60 సంచికలు మాత్రం వేరే. అందులో కాసిల్ వయసు మళ్ళిన వియత్నాం సైనికుడు. ఇక తీర్చుకోవడానికి ఏమీ మిగల్లేదు, అయినా ఆగడు. అతన్ని హీరో అనుకుని మొదలుపెట్టినవాళ్ళు కొన్ని సంపుటాలు గడిచేసరికి ఆ ముఖంలో ఏమీ లేదని గమనిస్తారు. మనుషుల అక్రమ రవాణా మీద నడిచే ‘ది స్లేవర్స్’ కథ చదివాక నేను కొన్ని రోజులు ఇంకే పుస్తకం తెరవలేదు. మనసు బరువుగా ఉన్నప్పుడు వద్దు.

దుఃఖం ప్రధానంగా కావాలంటే జేమ్స్ ఓ'బార్ ‘ది క్రో’. తాగి బండి నడిపినవాడి వల్ల కాబోయే భార్యను పోగొట్టుకున్న ఓ'బార్, ఆ బాధ పోగొట్టుకోవడానికి మొదలుపెట్టిన పుస్తకం. గీతలు కొన్నిచోట్ల తడబడతాయి, బాధ తడబడదు. చచ్చినవాడు తిరిగొచ్చే కథ కాబట్టి శుద్ధ క్రైమ్ కోరేవాళ్ళకు కాదు.

కొనేముందు

ఈ జాబితాలో ఒక లోపం మీకు కనిపించే ఉంటుంది. గోల్డీ చచ్చిపోతుంది, కాసిల్ భార్య చచ్చిపోతుంది, ఓ'సలివన్ భార్య చచ్చిపోతుంది. మగవాడికి కోపం రావడానికి ఆడది శవం కావాలన్నట్టు సాగుతాయి ఈ కథలు. 1999లో గెయిల్ సిమోన్ అనే రచయిత్రి, సూపర్‌హీరో కామిక్స్‌లో ఇలా బలైన స్త్రీ పాత్రల పెద్ద జాబితా తయారుచేసి ఈ అలవాటును అందరి ముందూ పెట్టింది. ఆ జాబితా గురించి తెలిశాక నేను చదివే పద్ధతి మారింది. చచ్చిపోయిన మనిషికి కథలో ఒక ఇష్టం, ఒక అలవాటు, ఒక మాట ఉన్నాయా అని చూస్తాను. ఏమీ లేకపోతే ఆ పుస్తకంలో ప్రతీకారానికి కూడా బరువుండదు. ‘లాలెస్’లో తమ్ముడికి అవన్నీ ఉన్నాయి, అందుకే అది గుచ్చుకుంటుంది. అన్యాయానికి గురైన ఆడమనిషే నిర్ణయం తీసుకునే కథ కావాలంటే ‘100 బుల్లెట్స్’ మొదటి కథలోని డిజ్జీ, ఆ రైల్లోని అమ్మాయి, ఉంది.

కామిక్స్ ఎప్పుడూ చదవని స్నేహితుడికి బహుమతి ఇవ్వాలంటే ‘బ్లాక్‌శాడ్’ మొదటి ఆల్బమ్ (పుస్తకం) ఇవ్వండి, 2000లో ఫ్రెంచ్‌లో వచ్చింది. స్పానిష్ జోడీ హువాన్ డియాజ్ కనాలెస్ రాశాడు, హువాన్‌హో గ్వార్నీదో వాటర్ కలర్లలో వేశాడు. డిటెక్టివ్ నల్ల పిల్లి, పోలీసు అధికారి కుక్క, అందరూ జంతువుల తలలున్న మనుషులే. డిస్నీలో పనిచేసిన చెయ్యి కావడం వల్ల ప్రతి ముఖమూ పలుకుతుంది. ఒకప్పుడు ప్రేమించిన నటి హత్యకు గురవుతుంది, పిల్లి బయల్దేరుతుంది. కథ కొత్తదేమీ కాదు, ఇక్కడ కూడా మొదలు ఆడమనిషి శవమే. కానీ అంత అందమైన పేజీలు ఈ రకం కథల్లో అరుదు. జంతువుల బొమ్మలు కదా అని పిల్లలకు మాత్రం ఇవ్వకండి. ఈ వ్యాసంలో చెప్పిన ఏ పుస్తకమూ పిల్లలది కాదు.

ఇంకా తేల్చుకోలేకపోతే లోన్ వుల్ఫ్ మొదటి సంపుటం ఒక్కటి తెచ్చుకోండి. అందులో ఒకచోట ఇట్టో నేల మీద ఒక పక్క బంతి, ఇంకో పక్క కత్తి పెడతాడు. బంతి పట్టుకుంటే నిన్ను చనిపోయిన అమ్మ దగ్గరికి పంపేస్తాను, కత్తి పట్టుకుంటే నాతో వస్తావు అంటాడు. పాకే వయసు బిడ్డకు అందులో ఒక్క మాటా అర్థం కాదు. బంతి వైపు చూస్తాడు. తర్వాత కత్తి దగ్గరికి పాకుతాడు. తండ్రి బిడ్డను గుండెకు హత్తుకుంటాడు. ఆ పేజీ దగ్గర మీకు ‘హమ్మయ్య’ అనిపించిందా, ‘అయ్యో’ అనిపించిందా గమనించుకోండి. హమ్మయ్య అనిపిస్తే ఇట్టో వెనకే సాగిపోండి, ఇంకా 27 సంపుటాలున్నాయి. అయ్యో అనిపిస్తే ‘లాలెస్’ తెరవండి.